మూడు వేళ్ల సందు

మనిషి నిలబడ్డప్పుడు మడిమ నేలకు ఆనుతుందా లేదా అని ఎవలన్న చూస్తరా? నేను చూస్త. బస్టాండ్ల నిలబడ్డోళ్లను గాని, పెండ్లిల బంతి కాడ నిలబడ్డోళ్లను గాని ముందుగాల మొఖం చూడ, మడిమలే చూస్త. ఇది నాకు రెండువేల ఒకటిల పట్టుకున్నది. అప్పుడొచ్చిన అసలు రోగం పోయింది గని ఇది మాత్రం పోలేదు.

ఇదంత ఎందుకు రాస్తున్ననంటె, రాస్తె మనసు జర నిమ్మలమైతదని. ఇంకోటి, నేను చేసిన తప్పు ఒకటి ఉంది, అది ఇంకొకలు చెయ్యొద్దని. గా తప్పు సంగతి ఇప్పుడే చెప్తలేను. ముందుగాల చెప్తె మీరు నా మీద కోపం పెట్టుకొని చదువుతరు.

తొంభై ఎనిమిది, ఎండాకాలం

నా పేరు గంగమణి. మా ఊరు బాన్సువాడ నుంచి పిట్లం పోయే తొవ్వల ఉంటది. అప్పటిదాక నేను బీడీలు చేసేదాన్ని. పదో తరగతి దాక చదివిన, నోరు గట్టిది. ఈ రెండూ చూసే ఒక సంస్థోళ్లు నన్ను కార్యకర్త పనికి తీసుకున్నరు. పని ఏందంటె, చుట్టుపక్కల ఊర్లు తిరగాలె. కాలు చెయ్యి పడిపోయినోళ్లు, పుట్టుకతోని నడువరానోళ్లు, చూపు లేనోళ్లు ఎవలున్నరో చూసి, వాళ్లకు ఇంట్లనే ఎట్ల సాయం చెయ్యాల్నో ఇంటోళ్లకు నేర్పాలె. దానికోసం బాన్సువాడల ఒక హాలు కిరాయికి తీసుకొని మాకు నెల దినాలు ట్రైనింగ్ ఇచ్చిండ్రు.

నేర్పిన సారుకు చిన్నప్పుడు పోలియో వచ్చింది, ఒక కాలికి ఇనుప పట్టీల బూటు ఉండె. ఆయన నడిస్తె టకటక సప్పుడొచ్చేది, గా సప్పుడు వినంగనే మేం ముచ్చట్లు బంద్ పెట్టి కూసునేటోళ్లం. "బొమ్మ మీద నేర్చుకుంటె బొమ్మలకే పనికొస్తరు, ఒకల మీద ఒకలు నేర్చుకోండ్రి" అని జోడీలు కట్టిచ్చిండు. చాప మీద ఒకలు పండుకోవాలె, ఇంకొకలు వాళ్లను పక్కకు తిప్పుడు, లేపి కూసోబెట్టుడు నేర్వాలె.

నా జోడి సుగుణ. పిట్లం పిల్ల, నాకన్న ఎనిమిదేండ్లు చిన్నది. ఆమె మాట్లాడితె పక్కనున్న నాకే వినబడేది కాదు. "నోరు లేనిదానివి ఊర్లల్ల ఎట్ల తిరుగుతవే?" అని రోజూ ఆ పిల్లను సతాయించేదాన్ని.

ఒకనాడు పాదాల పని వచ్చింది. మంచం పట్టిన మనిషి పాదం కిందికి వాలుతది. రోజుకు నాలుగుసార్లు మడిమ పట్టుకొని, పాదాన్ని మెల్లగ మీదికి నూకి, ఇరువై లెక్కపెట్టేదాక అట్లనే ఆపాలె. చెయ్యకుంటె మడిమ ఎనుక నరం బిగుసుకపోతది. అప్పుడు కాలికి బలం తిరిగొచ్చినా మడిమ నేలకు ఆనది, నిలబడుడు ఉండది. సుగుణ నా పాదం పట్టి చక్కగ చేసింది, చేసి చేతులు కండ్లకు అద్దుకున్నది. ఇగ నా వంతు. నేను ఆమె పాదం మీద చెయ్యి పెట్టంగనే "అయ్యో వద్దక్కా, పెద్దదానివి, నాకు పాపం తగుల్తది" అని కాలు గుంజుకున్నది. పక్క జోడీలల్ల గూడ గిదే లొల్లి. హాలంత ఒకటే నవ్వు. సారు గూడ నవ్వి, "సరే తీయండ్రి, చిన్నోళ్లు పెద్దోళ్లకు చెయ్యండ్రి, పెద్దోళ్లు చూసి నేర్చుకోండ్రి" అన్నడు. అంతల్నే అన్నం గంట కొట్టిండ్రు, లేసి పోయినం.

తొంభై తొమ్మిది, చలికాలం

మద్నూర్ దిక్కు ఒక ఊర్ల లస్మవ్వ అని ఉండె. ముప్పై ఏండ్లు గూడ లేవు. కాన్పయిన నెలకు పక్షవాతం వచ్చి కుడి దిక్కు పడిపోయింది. ఇంట్ల మొగడు మొగులయ్య, ముసలి అత్త. పసిపిల్లను అమ్మగారోళ్లు తీసుకపోయిండ్రు. నేను అత్తను పక్కన కూసోబెట్టుకొని పాదం పని అంత ఇవరంగ నేర్పిన. ఆమె ప్రతి మాటకు తల ఊపింది.

నెలకు పోయి చూస్తె పాదం ఇంకింత వాలింది. "చేస్తున్నవా, లేదా?" అని అడిగితె ముసలామె నేల దిక్కు చూసింది. మొగులయ్య దర్వాజ కాడ నిలబడి నా దిక్కే చూస్తుండు. ఇగ నా నోటికి అడ్డేముంటది? "కోడలంటె మనిషి గాదా? నీ కడుపుల పుట్టిన బిడ్డయితె గిట్లనే పండబెడుదువా?" అని వాడంత వినేటట్టు తిట్టిన. మూడుసార్లు పోయిన, మూడుసార్లూ తిట్టిన. ఆఖరికి రిజిస్టర్ల ఆమె పేరు పక్కన "ఇంటోళ్ల నిర్లక్ష్యం" అని రాసి ఆ ఇంటికి పోవుడే బంద్ చేసిన. ఆనాడు ఇంటికొచ్చి కడుపునిండ తిని పండుకున్న.

రెండువేల ఒకటి, వానాకాలం

ముందుగాల చెప్పు పోయింది. బస్సు దిగి ఇంటికొస్తుంటె ఎనుక నుంచి ఎవలో "గంగక్కా, నీ చెప్పు గీడ పడ్డది" అని పిలిచిండ్రు. చూస్తె నా ఎడమ కాలుకు చెప్పు లేదు. ఎప్పుడు జారిందో నాకు తెల్వదు. తొవ్వల రాళ్లు గూడ కాలికి తెల్వలే. నవ్వుకుంట పోయి తొడుక్కున్న.

తెల్లారి బస్సు మెట్టు ఎక్కరాలే. మూడోనాడు కూసున్న కాడి నుంచి లేవరాలే. నాలుగోనాడు పొద్దుగాల చాయ్ గిలాస చేతుల నుంచి జారి పడ్డది. మా ఆయిన సాయిలు చెరుకు తోటకు పోబోతుండు, గిలాస సప్పుడుకు ఎనుకకు తిరిగిండు. నా మొఖం చూసి ఇగ తోటకు పోలే. ఐదేండ్ల బిడ్డను మా చెల్లె తీసుకపోయింది. మా అమ్మ సచ్చిపోయి చానా ఏండ్లాయె. బాన్సువాడ దవాఖానల డాక్టరు చిన్న సుత్తెతోని మోకాళ్ల మీద కొట్టి చూసి, "ఈడ ఆగకుండ్రి, సీదా హైదరాబాద్ పోండ్రి" అన్నడు. జీపు ఎనుక సీట్ల నన్ను పండబెట్టిండ్రు. తల మా అత్త బాలవ్వ ఒడిల, కాళ్లు మా ఆయిన పక్కన. కాళ్లు ఉన్నయో లేవో నాకు తెలుస్తలేదు, మాటిమాటికి అడుగుతున్న. "ఉన్నయే, ఉన్నయి, గమ్మునుండు" అంటుండు ఆయిన.

పెద్ద దవాఖానల రోజుకు మూడుసార్లు డాక్టరమ్మ వచ్చి, ఒక్క ఊపిరిల ఎంతదాక లెక్కపెడుతవో పెట్టు అనేది. వచ్చిననాడు ఇరువై ఎనిమిది. తెల్లారి పందొమ్మిది. మా అత్తకు గా లెక్క దేనికో తెల్వక, "మా కోడలు పది చదివింది డాక్టరమ్మా, లెక్కలన్నీ వస్తయి, మీరు ఫికర్ పెట్టుకోకుండ్రి" అన్నది. డాక్టరమ్మ నవ్వలే. నాకు అప్పుడు తెలిసింది, నరాల రోగం కాళ్ల నుంచి మీదికెక్కుతుంది, ఊపిరి కాడికి వచ్చిందని. తెల్లారి పదమూడు. ఆనాటి మాపు తొమ్మిది. గాలి మిషన్ తెచ్చి నా మంచం పక్కన పెట్టిండ్రు. నేను దాని దిక్కు చూడకుండ గోడ దిక్కు చూసిన.

వరండల మా ఆయిన కూసునే జాగ గూడ లేకుండె. దెగ్లూర్ దిక్కు నుంచి వచ్చిన ఒక మరాఠీ అవ్వ తన చాప సగం మడిచి ఆయినకు ఇచ్చిందంట. నా కాడికి గూడ వచ్చింది. నా నెత్తి మీద చెయ్యి పెట్టి "ఘాబరూ నకో బాయ్, ఘాబరూ నకో" అన్నది, భయపడకు బిడ్డా అని. ఆమె మనుమడు పక్క వార్డుల ఉన్నడు, ఆమె ఫికర్ ఆమెకు ఉన్నది. అయినా దినాం వచ్చేది. ఆమె పేరు నేను అడుగలే, గిప్పటికీ బాధైతది.

కాళ్లు ఉబ్బుతున్నయని నర్సమ్మ నా మట్టెలు తీసి అత్త చేతుల పెట్టింది. అత్త మొఖం నల్లగైంది. మొగడు బతికుండంగ ఆడిదానికి మట్టెలు తీసుడేందని ఆమె బాధ. వాటిని కొంగుకు ముడేసుకున్నది.

తొమ్మిది కాడనే రెండు దినాలు ఆగింది. మూడోనాడు పది. తర్వాత పన్నెండు. పన్నెండు అని నేను అన్ననాడు అత్త ఏడ్సింది. లెక్క సంగతి అప్పటికి ఆమెకు గూడ ఎరుకైంది.

ఇడిసిపెట్టేనాడు డాక్టరమ్మ చెప్పింది: "ప్రాణానికి భయం లేదు. బలం కూడా మెల్లగా తిరిగొస్తుంది, ఆరు నెలలు పట్టొచ్చు. అప్పటిదాకా పాదాలు వాలకుండా చూసుకోండి. వాలి బిగుసుకుపోతే బలం వచ్చి లాభముండదు." మా ఆయిన తల ఊపిండు. గీ మాట నేను ఎన్ని ఇండ్లల్ల చెప్పిననో నాకే లెక్క లేదు.

అదే ఏడు, దసరా దాటినంక

ఇంట్ల ముగ్గురం. నేను మంచంల, అత్త, ఆయిన. సుగుణ ఎనిమిది రోజులకోసారి పిట్లం నుంచి బస్సుల వచ్చేది. వచ్చినప్పుడల్ల నన్ను మంచం అంచుకు కూసోబెట్టి, పాదాలు నేలకు పెట్టిచ్చి, మడిమ కింద వేలు పెట్టి చూసేది. మొదటిసారి సందు లేదు. రెండోసారి ఒక వేలు పట్టింది.

"అక్కా, రోజుకు నాలుగుసార్లు చేస్తున్నరా?" అని మెల్లగ అడిగింది.

నేను ఏం చెప్పాలె? ఎవలు చెయ్యాలె? అత్త ఒకనాడు మంచం కాళ్ల దిక్కు వచ్చి కూసున్నది. నా పాదం మీద చెయ్యి పెట్టబోయింది. "అత్తా, వద్దు!" అని ఒర్రిన. అత్తతోని కాళ్లు పట్టిచ్చుకున్న కోడలికి నరకంల గూడ జాగ దొరుకది. గుంజుకుందామంటె కాలు నా మాట వింటలేదు. ట్రైనింగుల సుగుణ ఎంత అల్కగ గుంజుకున్నది! ఇప్పుడు నాకు గది గూడ చాత కాదు. అత్తే చెయ్యి ఎనుకకు తీసుకున్నది. నా కాలు ముట్టుడు ఆమెకు గూడ మనసొప్పలే, పెద్దోళ్లు ముడితె చిన్నోళ్ల ఆయుష్షు తగ్గుతదని ఆమె భయం. మొన్ననే చావు ముంగట నుంచి వచ్చిన్నాయె.

మా ఆయినను తప్పు పట్టడానికి లేదు. నన్ను ఎత్తుకొని బయటికి తీసుకపోయేటోడు, నీళ్లు పోసేటోడు, తల గూడ దువ్వేటోడు. గని పాదాల కాడికి వచ్చేసరికి దుప్పటి కప్పి లేసి పోయేటోడు. పెండ్లాం కాళ్లు మొగోడు పట్టిండని తెలిస్తె వాడల తల ఎత్తి తిరుగనియ్యరు. ఆయిన అడుగలే, నేను చెప్పలే. ఊరందరికి నేర్పిన నోరు నా ఇంట్ల నా మొగనికి ఒక్క మాట చెప్పలేకపోయింది. మధ్యాహ్నం ఒక్కదాన్నే పండుకొని దుప్పటి కింద ఆ రెండు పాదాలు చూసేదాన్ని. దినదినం కిందికి పోతున్నయి. పిచ్చి లేసినట్టు ఉండేది.

తర్వాత సుగుణ వచ్చినప్పుడు రెండు వేళ్లు పట్టినయి.

ఆనాడు మా ఆయినకు నాకు పెద్ద లొల్లి అయింది. "నువ్వే గద అందరికి నేర్పేదానివి, నీ సంగతి నీకు తెల్వదా?" అన్నడు ఆయిన. "తెలుసు! తెలిసే సస్తున్న!" అని ఒర్రిన. అన్నం గిన్నె ఆడ పెట్టి బయటికి పోయిండు. అత్త ఎవల దిక్కు మాట్లాడాల్నో తెల్వక పొయ్యి కాడ కూసున్నది. పోయేటప్పుడు సుగుణ నా చెవుల అన్నది, "అక్కా, మూడు వేళ్లయితె ఇగ మనతోని కాదు. ఆపరేషనే. అది చేసినా నడుస్తవని చెప్పరాదు." ఆ ఎనిమిది దినాలు నేను ఎట్ల గడిపిననో నాకే తెలుసు. చేతులకు బలం వస్తుంది, గిలాస పట్టుకుంటున్న, నడుము ఆగుతుంది. డాక్టరమ్మ చెప్పినట్టే అన్నీ వాపస్ వస్తున్నయి. పాదాలే పోతున్నయి.

సుగుణ వచ్చింది. పొద్దు ఎక్కింది, ఆయిన గూడ ఇంట్లనే ఉన్నడు. నన్ను అంచుకు కూసోబెట్టి, కింద కూసొని మడిమ కింద వేళ్లు పెట్టింది. ఒకటి పోయింది. రెండోది పోయింది. మూడోది ఇరుకుగ, నూకితె పోయింది.

అప్పుడు ఆ నోరులేని పిల్ల లేసి నిలబడ్డది. "నేను ఎనిమిది రోజులకోసారి వచ్చి వేళ్లు పెట్టి పోవుడు దేనికి? ఇంట్ల ఇద్దరున్నరు. ఎవలో ఒకలు పట్టుండ్రి! లేకుంటె ఇయ్యాల్నే చెప్పుండ్రి, నేను రాను!" అని ఒర్రింది. గా పిల్లకు అంత గొంతు ఉన్నదని నాకు తెల్వదు.

అత్త పొయ్యి కాడి నుంచి లేసింది. కొంగు ముడి ఇప్పింది. దవాఖాన నుంచి అట్లనే ఉన్నది గా ముడి. మట్టెలు తీసి అరచేతుల పెట్టుకొని, "సాయిలూ, ఇటు రా" అన్నది.

"ఏందే?"

"నీ పెండ్లాం కాళ్లు బోసిగున్నయి. నువ్వు బతికుండంగ గట్ల ఉండొద్దు. తొడుగు."

"నువ్వే తొడుగు, లేకుంటె గా పిల్ల తొడుగుతది."

"పెండ్లినాడు నేను తొడిగిన్నా? వెయ్యి మంది ముంగట కూసొని, ఆమె కాలు పట్టుకొని సన్నెకల్లు మీద పెట్టి నువ్వే తొడిగినవ్. మీ మామ చూసిండు, ఊరు చూసింది. అప్పుడు ఎవలన్న నవ్విన్రారా? అప్పుడు పోని ఇజ్జత్ ఇప్పుడు పోతదా?"

ఆయిన మట్టెలు తీసుకొని నా ముంగట గొంతుకూసున్నడు. నాకు సిగ్గుతోని, పాపం భయంతోని పెయ్యంత చెమటలు. ఎడమ పాదం చేతులకు తీసుకున్నడు. ఆ చేతులు చెరుకు ఆకు గీరి గరుకుగున్నయి. రెండో వేలికి మట్టె ఎక్కిచ్చిండు. ఇగ ఇడిసిపెట్టబోతుంటె సుగుణ పక్కకొచ్చి కూసున్నది.

"అన్నా, ఇడువకు. గట్లనే ఉంచు. ఒక చెయ్యి మడిమ కిందికి తే. ఆఁ, గిప్పుడు మెల్లగ మీదికి నూకు. ఇరువై లెక్కపెట్టు."

ఆయిన లెక్కపెట్టిండు. నాలుగు అనేసరికి నేను నొప్పికి కేక పెట్టిన. ఆయిన బెదిరి ఇడిసిండు. "నొస్తుందంటె నరం ఇంక బతికే ఉన్నదన్నట్టు, పట్టు" అన్నది సుగుణ. మళ్ల పట్టిండు. ఇరువై దాక నేను అత్త చెయ్యి కొరికినంత పని చేసిన. అత్త మాత్రం నన్ను చూస్తలేదు, మట్టె దిక్కే చూస్తుంది.

ఆనాటి నుంచి నాలుగు పూటలు. తోటకు పోయేముందు, అన్నానికొచ్చినప్పుడు, పొద్దు గూకినప్పుడు, పండుకునేముందు. దర్వాజ మూసుకొని చేసేటోడు మొదట్ల. ఒకనాడు పక్కింటాయిన ఏదో అడుగనొచ్చి చూసిండు. "ఏం సాయిలన్నా, గిదేం పని?" అని పండ్లు ఇకిలిచ్చిండు. మా ఆయిన పాదం ఇడువలే. పదహారు, పదిహేడు అని లెక్క పూర్తి చేసి, "కూసో, నువ్వు గూడ నేర్చుకో. రేపు నీ ఇంట్ల అక్కెరొస్తది" అన్నడు. తెల్లారి నుంచి దర్వాజ తెరిసే చేసిండు.

రెండు వేళ్లు. రెండు కాడనే నెల దినాలు ఆగింది, నేను ఆశ ఇడిసిన. సుగుణ ఇడువలే. తర్వాత ఒక వేలు.

రెండువేల రెండు, చెరుకు కొట్టేటప్పుడు

సుగుణ మడిమ కింద వేలు పెట్టబోయింది, పోలే. చిటికెన వేలు పెట్టింది, పోలే. లేసి నా చంకల కింద చేతులు పెట్టి, "లెవ్వు" అన్నది. ఆయిన ముంగట నిలబడ్డడు. లేసిన. దర్వాజ చెక్క పట్టుకొని నిలబడ్డ. బండల సలవ రెండు మడిమలకు తాకింది. ఎన్ని నెలలకు! "అత్తా, నేల సల్లగున్నదే" అన్న. అంతకన్న మంచి మాట నాకు రాలే. అత్త లోపలి నుంచి ఉరికొచ్చి నా ముంగట కూలబడి, నా మడిమలు కండ్లార చూసుకున్నది. ముట్టలే.

రెండువేల మూడు

చేతికర్రతోని మళ్ల పనికి పోయిన. బాన్సువాడల కొత్తోళ్లకు ట్రైనింగ్ ఉన్నదని సారు నన్ను గూడ నేర్పమన్నడు. పాదాల పని వచ్చింది. జోడీలల్ల చిన్నపిల్లలు కాళ్లు గుంజుకున్నరు, హాలంత నవ్వు షురూ అయింది. అప్పటిలెక్కనే. "నవ్వుడు ఆపుండ్రి" అని ఒర్రిన. ఎవల ఇంట్ల ఎవలు ఎవల కాళ్లు ముట్టరో ఒక్కొక్కలను లేపి చెప్పిపిచ్చిన. అందరు చెప్పేసరికి సారు బూటు పట్టీలు సదురుకుంట తల దించుకున్నడు.

ఆ మాపు పాత రిజిస్టర్ తీసి తిరిగేస్తుంటె లస్మవ్వ పేరు కనబడ్డది. పక్కన నా రాత. తెల్లారి మా ఆయిన మోపెడ్ మీద కూసొని పోయిన.

ముసలత్త సచ్చిపోయింది. లస్మవ్వ మంచం అంచుకు కూసున్నది. కుడి మడిమ కింద నాలుగు వేళ్లు సుత పడుతయి, పెట్టి చూసే అక్కెర లేదు. నా కథ అంత చెప్పిన. మట్టెల సంగతి చెప్పిన. మీ అత్తను తిట్టినందుకు నా నోట్ల మన్ను పడ అన్న. మొగులయ్య అప్పటిలెక్కనే దర్వాజ కాడ నిలబడి అంత విన్నడు.

"అక్కా, గా మూడుసార్లు నేను గీడనే నిలబడ్డ" అన్నడు. "మా అమ్మ కోడలి కాళ్లు ముట్టదని నాకెరుకనే. నాకు చెప్తవేమోనని చూసిన. ట్రైనింగ్ అయినామె చెప్పింది అంటె ఎవ్వలు నవ్వకపోదురు. నువ్వు అమ్మకు చెప్పినవ్, అమ్మను తిట్టినవ్, పోయినవ్. నా దిక్కు చూసి ఒక్కపారి పట్టు అంటె పట్టుకుందునక్కా."

ఆనాడు మొగులయ్యకు చెప్పుటానికి నాకే సిగ్గనిపిచ్చింది, గది నిజం. మొగోనికి పెండ్లాం కాళ్లు పట్టుమని ఎట్ల చెప్పాలె అనుకున్న. అనుకున్నట్టు గూడ అప్పుడు నాకు తెల్వదు.

మా ఆయిన లేసి మొగులయ్యను పిలిచిండు. ఇద్దరు మొగోళ్లు మంచం ముంగట కూసున్నరు. మా ఆయిన చూపిచ్చిండు, మొగులయ్య పట్టిండు, ఇరువై లెక్కపెట్టిండు. పాదం కదలలే. మళ్ల ఇరువై. కదలలే. నిజామాబాద్‌ల పెద్ద డాక్టరుకు చూపిద్దామని నేను అన్న గని, ఆ నరం ఎట్లున్నదో నా చేతులకు తెలుసు. మొగులయ్య ఇడిసిపెట్టబోయిండు.

"ఇడువకు" అన్నది లస్మవ్వ. "ఇంక జరసేపు పట్టుకో."

ఇంటికొచ్చినంక రిజిస్టర్ తెరిసి "ఇంటోళ్ల నిర్లక్ష్యం" అన్నది కొట్టేసిన. దాని పక్కన రాసిన: "ఇంటాయన దర్వాజ కాడ ఉన్నడు. కార్యకర్త అడుగలే."